గ్రోసు లెక్క తెలిసిన పిల్లవాడు

1991లో నాకు మొదటి ఉద్యోగం మార్కాపురం పరిసరాల్లోని ఒక ఏకోపాధ్యాయ పాఠశాలలో వచ్చింది. ఒకటే గది, ముందు ఒక వరండా, ఒకటి నుంచి ఐదు వరకు తరగతులు, 40 మందికి పైగా పిల్లలు. మార్కాపురం పలకల గురించి మా ప్రాంతం వారికి కొత్తగా చెప్పవలసిన పని లేదు. భూమిలో నుంచి తీసిన నల్లరాతిని పొరలు పొరలుగా చీల్చి, కొలతకు కోసి, నునుపు చేసి, చెక్క చట్రం బిగించి పంపితే ఎక్కడెక్కడి పిల్లలో వాటి మీద అక్షరాలు దిద్దుకునేవారు. ఆ పలకల వెనుక పనిచేసిన చేతుల్లో బడి ఈడు పిల్లల చేతులూ ఉండేవి. 1988లో కేంద్ర ప్రభుత్వం జాతీయ బాల కార్మిక ప్రాజెక్టును మొదలుపెట్టినప్పుడు, దేశం మొత్తం మీద ముందుగా ఎంచుకున్న కొద్ది ప్రాంతాల్లో మార్కాపురం చేరడానికి కారణం ఈ పరిశ్రమే.

నా బడిలో నాలుగో తరగతి పిల్లవాడొకడు వారానికి మూడు రోజులు వచ్చేవాడు, మిగతా రోజులు ఇంట్లో పలకల పనికి ఆగిపోయేవాడు. ఒకనాడు పన్నెండో ఎక్కం ఒప్పజెప్పమంటే నాలుగో మెట్టు దగ్గరే నిలిచిపోయాడు. నేను రిజిస్టరులో అతని పేరుకు ఎదురుగా సున్నా వేశాను. వారం తిరగకముందే ఒక సాయంత్రం వాళ్ల ఇంటి మీదుగా వెళ్తున్నప్పుడు, అదే పిల్లవాడు పంచలో కూర్చుని కట్టలు లెక్కపెడుతూ తండ్రికి చెబుతున్న మాటలు నా చెవిన పడ్డాయి. "పదకొండు డజన్లు అయినయ్ నాయనా, ఇంకో డజను పడితే గ్రోసు." ఆగి, గ్రోసు అంటే ఎంతరా అని అడిగాను. "నూట నలభై నాలుగు సార్. ఆఖరి డజనులో మూడు పగిలినయ్, అందుకని మొత్తం నూట నలభై ఒకటే ఉండాయి" అన్నాడు.

ఆ పిల్లవాడికి లెక్క రాదని నేను నమ్మాను. అతడు కూడా నా మాటే నమ్మాడు. ఇంట్లో తాను చేస్తున్నది లెక్క అని అతనికి తెలియదు, బడిలో నేను చెబుతున్నది ఇంటి పనికి సంబంధించినదని ఎవరూ అతనికి చెప్పలేదు. అతని చేతికి తెలిసినది నోటికి రాలేదు, నోటితో నేను అడిగినది చేతిని చేరలేదు. 32 ఏళ్లు ఉమ్మడి ప్రకాశం జిల్లా పడమటి మండలాల్లో ప్రాథమిక పాఠశాలల్లో పనిచేసి విశ్రాంతి తీసుకున్నాక, ప్రాథమిక విద్యను కొత్తగా తీర్చిదిద్దాలనే మాట ఎప్పుడు విన్నా నాకు ముందుగా ఆ పంచ గుర్తుకొస్తుంది. పిల్లవాడు బడికి వచ్చేటప్పుడు మొత్తంగానే వస్తాడు. అతని ఒళ్లు, ఆకలి, భయం, మాట, చేతి నేర్పు, ఇంటి బాధ అన్నీ కలిసే గడప దాటుతాయి. అతణ్ణి ముక్కలు చేసేది మన కాలపట్టిక.

సర్వతోముఖాభివృద్ధి అనే మాట మనకు కొత్త కాదు. 2009 నాటి విద్యాహక్కు చట్టంలోని 29వ సెక్షన్ పిల్లల సమగ్ర వికాసాన్ని, చేస్తూ నేర్చుకునే చదువును, వీలైనంత వరకు మాతృభాషలో బోధనను, భయం లేని బడిని కోరుతుంది. 2020 జాతీయ విద్యా విధానం మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల వరకు ఉన్న వయసును ఒకే పునాది దశగా గుర్తించింది. 2022లో ఆ దశ కోసం వచ్చిన పాఠ్యప్రణాళికా చట్రం తైత్తిరీయోపనిషత్తులోని పంచకోశాల భావనను తీసుకుని, శరీరం, ప్రాణం, మనస్సు, బుద్ధి, ఆనందం కలిసి పెరగాలని చెప్పింది. ఈ పత్రాల్లోని మాటలతో నాకు పేచీ లేదు. ఈ మాటలు బడిదాకా వచ్చేసరికి శరీరానికి ఒక పీరియడు, మనస్సుకు ఒక పీరియడు, చేతిపనికి శనివారం మధ్యాహ్నం ఒక గంట, ఆ పైన ప్రతిదానికీ ఒక ఫోటో అన్న రూపంలోకి మారిపోవడమే నా బాధ. తెలుగు, లెక్కలు నిన్న ఎలా చెప్పామో నేడూ అలాగే చెబుతూ, వాటి పక్కన యోగాను, ఆటను, తోటపనిని అతికిస్తే మొత్తం పిల్లవాడు తయారుకాడు. తెలుగు చదవడం నేర్పే ఆ గంటలోనే, తీసివేత నేర్పే ఆ గంటలోనే పిల్లవాడి చేయి, ఒళ్లు, మాట, ధైర్యం పనిచేయాలి. కొత్తగా మార్చవలసినది ఆ గంటను.

ఈ మాట నేను సొంతంగా కనిపెట్టినది కాదు. నేను ఉద్యోగంలో చేరిన నాటికి బ్రిటిష్ ప్రభుత్వ సాయంతో ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా ప్రాజెక్టు నడుస్తోంది. మా తరం ఉపాధ్యాయులంతా దాన్ని ఏపీపెప్ అనేవారు. 1980లలో కొద్ది బడుల్లో ప్రయోగంగా మొదలై, 1989 నుంచి విస్తరించింది. దానికి ఆరు సూత్రాలు ఉండేవి: ఉపాధ్యాయుడే కృత్యాలు, అంటే పిల్లలు చేసి నేర్చుకునే పనులు, కల్పించడం, చేస్తూ కనుగొంటూ నేర్చుకోవడం, ఒంటరిగానూ జట్టుగానూ తరగతి మొత్తంగానూ పనిచేయించడం, పిల్లల మధ్య తేడాలను గుర్తించడం, పరిసరాలను వాడుకోవడం, పిల్లలు చేసినవాటిని గదిలో ప్రదర్శించడం. మేము దగ్గరలోని ఉపాధ్యాయ కేంద్రంలో కలుసుకుని, ఎవరి బడిలో ఏ కృత్యం పండిందో, ఏది పండలేదో చెప్పుకునేవాళ్లం. ఇప్పటి శిక్షణల్లో తెర మీద చూసే పాఠాల కన్నా, ఆ రోజుల్లో పొరుగు ఊరి ఉపాధ్యాయుడు సంచిలో నుంచి తీసి చూపిన చీపురుపుల్లల కట్టలే నాకు ఎక్కువ నేర్పాయని నిస్సంకోచంగా చెప్పగలను.

ఆ ఆరు సూత్రాల్లో ఇవాళ మార్చవలసినది ఒక్కటీ నాకు కనిపించదు. అయినా అది ఎందుకు నిలవలేదో ఆలోచించకుండా కొత్త పేరుతో మళ్లీ మొదలుపెడితే ఫలితమూ మళ్లీ అదే అవుతుంది. నేను దగ్గరగా చూసిన కారణాలు మూడు. ఒకే ఉపాధ్యాయుడు ఐదు తరగతులు చూసే చోట ఒక జట్టు బావి చుట్టుకొలత తీస్తుంటే మిగిలిన నాలుగు తరగతులు గోడ వైపు చూస్తూ కూర్చునేవి. బోధన మారినా పరీక్ష మారలేదు, అది ఎప్పటిలాగే జ్ఞాపకాన్నే అడిగేది. మూడోది నాకు అన్నిటికన్నా నొప్పి కలిగించినది. తనిఖీకి వచ్చేవారికి కనబడేది గోడ మీది ప్రదర్శనే కనుక, క్రమంగా గదిలో కట్టిన తాళ్లకు వేలాడే కాగితాలే కృత్యాధార బోధన అనిపించుకున్నాయి. పిల్లలు చేసినవాటి స్థానంలో ఉపాధ్యాయులు రాత్రి మేలుకుని చేసినవి, చివరికి బజారులో కొన్నవి వేలాడాయి. తరువాతి కాలంలో బోధన సామగ్రికి ఏడాదికి 500 రూపాయలు ఇచ్చినప్పుడూ ఇదే జరిగింది. ఇప్పుడు తాడు పోయి ఫోన్ వచ్చింది. కృత్యం జరిగిన సంగతి ఫోటో ఎక్కితే చాలన్న అలవాటు మన బడుల్లో ఒక రకమైన చెదలు.

ఒక కృత్యం పండిన రోజు ఎలా ఉంటుందో చెబుతాను. రెండో తరగతి పిల్లలకు పంపకం, లెక్కింపు చెప్పవలసి వచ్చినప్పుడు, ఊరిలోని ఒక అవ్వను తన వామనగుంటల పీటతో బడికి రమ్మని అడిగాను. "నా చదువేందయ్యోరూ, నేను బడికొచ్చి ఏం జెప్తా?" అంటూనే వచ్చింది. ఇటు ఏడు, అటు ఏడు, మొత్తం 14 గుంటలు. గుంటకు ఐదు చొప్పున చింతగింజలు పోస్తే 70. ఒక గుంటలోని గింజలన్నీ తీసి, వరసగా ఒక్కొక్క గుంటలో ఒక్కొక్కటి వేసుకుంటూ పోవాలి. చేతిలోవి అయిపోతే తరువాతి గుంటలోవి తీసి ఆట సాగించాలి. ఆ తరువాతి గుంట ఖాళీగా ఉంటే దాని అవతలి గుంటలోవి మనవి అవుతాయి. ఎక్కడ మొదలుపెడితే ఎక్కడ ఖాళీ గుంట తగులుతుందో ముందే ఊహించగలిగిన పిల్ల గెలుస్తుంది. అవ్వ వేళ్లతో లెక్కపెట్టేది కాదు, గుంట వైపు చూసే ఎన్ని ఉన్నాయో చెప్పేది. పిల్లలు రెండు రోజుల్లో ఆ చూపు పట్టుకున్నారు. ఐదు, ఆరు, ఏడు గింజల కుప్పను లెక్కపెట్టకుండా గుర్తించడం రావాలంటే పాఠ్యపుస్తకంలో ఎన్ని బొమ్మలకు రంగులు వేయించాలో నాకు తెలుసు.

ఆ ఆటలో అంకెలు ఒక భాగం మాత్రమే. వేలికొసల పట్టు కుదిరింది, అది రేపు బలపం పట్టడానికి పనికొచ్చింది. ఓడిపోయిన పిల్లవాడు గింజలు విసిరికొడితే, అవ్వ వాటిని ఏరించి, "ఓడినోడే ముందాడాల" అని మళ్లీ కూర్చోబెట్టింది. ఓటమిని భరించడం గురించి ఇంతకు మించిన పాఠం నేను ఎన్నడూ చెప్పలేదు. తరగతిలో నోరు తెరవని పిల్ల ఆటలో ఎదుటివాడి తప్పు పట్టుకుని గట్టిగా వాదించింది, ఆ వాదనలో ఆమె వాడిన వాక్యాలు పుస్తకంలోని వాక్యాల కన్నా పొడవైనవి. ఆ వాదనను నల్లబల్ల మీద రాసి, మరుసటి రోజు దాన్నే చదువు పాఠంగా చెప్పాను. లెక్క ఎక్కడ ముగిసిందో, తెలుగు ఎక్కడ మొదలైందో, నడవడి ఎక్కడ కలిసిందో విడదీసి కాలపట్టికలో చూపమంటే నేను చూపలేను. అవ్వలాంటివారిని ఏడాదికి కొన్ని రోజులు గౌరవ వేతనంతో బడికి పిలిచే వీలు ప్రతి ప్రధానోపాధ్యాయుడికీ ఉండాలని నా కోరిక. దాని ఖర్చు బడి గోడకు వేసే రంగుల ఖర్చు కన్నా ఎక్కువ కాదు.

చదువుకు, ఒంటికి మధ్య గోడ లేదని నాకు నేర్పినది కనిగిరి ప్రాంతం. అక్కడి భూగర్భ జలాల్లో ఫ్లోరైడు ఎక్కువ. చిన్నతనం నుంచి ఆ నీళ్లు తాగిన పిల్లల పళ్ల మీద పచ్చని, గోధుమరంగు చారలు పడతాయి. ఒక పల్లెలో నా మూడో తరగతిలో ఒక అమ్మాయి చదవమని లేపితే లేచేది, పుస్తకం పట్టుకునేది, ఎడమ చేయి నోటికి అడ్డం పెట్టుకుని, వినిపించీ వినిపించనట్టు రెండు మాటలు గొణిగి కూర్చునేది. వరసగా మూడు నెలలు నేను ఆమె రికార్డులో చదవడం రాదని రాశాను. ఒక మధ్యాహ్నం భోజనాల తరువాత బడి వెనుక వేపచెట్టు కింద ఆమె తన తమ్ముణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని అదే పుస్తకంలోని కథ చదివి వినిపిస్తోంది. చేయి అడ్డం లేదు. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతూ, పులి మాటలకు ఒక గొంతు, ఆవు మాటలకు ఒక గొంతు పెట్టి చదువుతోంది. నన్ను చూడగానే చేయి మళ్లీ నోటి మీదికి వెళ్లింది.

ఆమెకు లేనిది చదువు కాదు. తన పళ్లను పదిమంది చూస్తారన్న సిగ్గు ఆమె గొంతును పట్టుకుంది. ఆ సిగ్గుకు మూలం ఊరి బోరులో ఉంది. బోరు నీటి సంగతి ఆరోగ్యశాఖ చూసుకుంటుందని, సిగ్గు సంగతి తల్లిదండ్రులు చూసుకుంటారని, చదువు మాత్రమే నాదని నేను విడదీసి చూసినంతకాలం ఆ మూడింటిలో ఒక్కటీ నాకు అర్థం కాలేదు. ఆ తరువాత నేను చేసినది చాలా చిన్న పని. బోర్డు ముందు నిలబెట్టి చదివించడం మానేసి, ఇద్దరిద్దరుగా ఎదురెదురుగా కూర్చుని ఒకరికొకరు చదువుకునే పద్ధతి పెట్టాను. పరిసరాల పాఠంలో ఊరిలో ఏ బోరు నీళ్లు ఎవరు తాగుతున్నారో, ఎవరి పళ్లకు చారలు ఉన్నాయో పిల్లలతోనే పటం గీయించాను. తమ పళ్ల చారకు కారణం తమ శుభ్రతలోని లోపం కాదని పటం మీద తామే చూసుకున్నాక, ఆ తరగతిలో నోటికి అడ్డం పెట్టుకునే చేతులు కొంత తగ్గాయి. పూర్తిగా పోయాయని చెప్పలేను.

మధ్యాహ్న భోజనాన్ని కూడా ఈ దృష్టితోనే చూడాలని నా అభిప్రాయం. అన్నం, గుడ్డు, రాగిజావ, వేరుశెనగ చిక్కీ బడికి వచ్చాయి, ఆ విషయంలో మన రాష్ట్రం చాలా ముందుకు వెళ్లిందని సంతోషంగా ఒప్పుకుంటాను. అయితే చాలా చోట్ల భోజనం చదువుకు విరామంగానే మిగిలింది. ఇంతమందికి ఎన్ని గుడ్లు కావాలో మూడో తరగతి లెక్కకట్టవచ్చు, బియ్యం తూకం నాలుగో తరగతి వేయవచ్చు, కలిసి కూర్చుని తినడం, తోటివాడికి వడ్డించడం, చేయి కడుక్కోవడం అందరూ నేర్చుకోవచ్చు. కులాల గోడలు బలంగా ఉన్న పల్లెల్లో ఒకే వరసలో కూర్చుని ఒకే గరిటెతో వడ్డించుకుని తినడాన్ని నేను ఏ నీతి పాఠం కన్నా తక్కువగా చూడను.

చదువు జీవితాన్ని తాకినప్పుడు ఏం జరుగుతుందో మన పక్క జిల్లా ఒకసారి దేశానికంతటికీ చూపింది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో సాక్షరతా ఉద్యమం నడిచినప్పుడు, రాత్రి బడులకు వచ్చిన ఆడవాళ్లు సారా వల్ల చితికిపోయిన తమలాంటి కుటుంబం గురించి వాచకంలో ఒక పాఠం చదివారు. కలిగిరి మండలంలోని దూబగుంటలో రోశమ్మ, ఆమె తోటి మహిళలు ఊరిలో సారా అమ్మకాన్ని అడ్డుకున్నారు. 1992లో అది ఉద్యమమై రాష్ట్రమంతా వ్యాపించింది, 1993లో సారా నిషేధం వచ్చింది. అక్షరం నేర్పే గంటలోనే వారి బాధ, ఆలోచన, మాట, ధైర్యం కలిసి లేచాయి. పెద్దల చదువుకు అంత శక్తి ఇవ్వగలిగిన మనం ఆరేళ్ల పిల్లలకు మాత్రం వారికి సంబంధం లేని వాక్యాలు దిద్దబెట్టడం ఎందుకో నాకు అర్థం కాదు.

ఇక మార్చవలసినవి ఏమిటని అడిగితే, నేను ముందుగా ఉపాధ్యాయుల సంఖ్య దగ్గర మొదలుపెడతాను. తరగతికి ఒక ఉపాధ్యాయుడు లేని బడిలో సమగ్ర వికాసం గురించి మాట్లాడడం న్యాయం కాదు. 2022లో చాలా చోట్ల మూడు, నాలుగు, ఐదు తరగతులను ఉన్నత పాఠశాలలకు తరలించారు. 2025లో వాటిని వెనక్కి తెచ్చి, తరగతికొక ఉపాధ్యాయుడు ఉండే ఆదర్శ ప్రాథమిక పాఠశాలలు ఏర్పాటు చేశారు. ఐదు తరగతులకు ఐదుగురు ఉండడం నేను ఉద్యోగమంతా ఎదురుచూసిన సంగతి. కాని దూరపు పల్లెల్లో ఐదుగురు రారు. అక్కడ చిన్న బడి ఉండక తప్పదు, ఉండాలి కూడా, ఎందుకంటే ఆరేళ్ల పిల్ల ఆటోలో వేలాడుతూ వెళ్లి నేర్చుకునే చదువు కన్నా అమ్మ కేక వినిపించే దూరంలోని చదువు మేలు. అలాంటి బడులకు మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ వారు రూపొందించిన పద్ధతి చక్కగా సరిపోతుంది. పాఠాలను చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, గుర్తులతో ఒక నిచ్చెనలా అమర్చితే, ప్రతి పిల్లా తాను నిన్న ఏ మెట్టు మీద ఆగిందో చూసుకుని అక్కడి నుంచే సాగుతుంది. మన రాష్ట్రంలో ఆనందలహరి పేరుతో ఇది ప్రభుత్వ బడుల్లోకీ వచ్చింది. నిచ్చెనతో నడిచే తరగతిలో ఉపాధ్యాయుడికి ఒక్కొక్క పిల్ల పక్కన కూర్చునే సమయం దొరుకుతుంది.

భాష గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఎదురెదురు పేజీల్లో తెలుగు, ఇంగ్లీషు ఉన్న పుస్తకాలు పిల్లల చేతుల్లో ఉన్నాయి. ఇంగ్లీషు రావాలన్న తల్లిదండ్రుల కోరిక న్యాయమైనదే, నేనూ దాన్ని గౌరవిస్తాను. అయినా మొదటి మూడేళ్లు ఆలోచన తెలుగులో జరగాలి, అది కూడా పిల్లవాడి ఇంటి తెలుగులో. "ఉండాయి" అన్న పిల్లవాణ్ణి "ఉన్నాయి" అనేదాకా నిలబెట్టినప్పుడు, అతడు చెప్పబోయిన నూట నలభై ఒకటి మనకు వినపడదు.

ఆ తరువాత కొలత మారాలి. మొదటి రెండు తరగతుల్లో రాత పరీక్ష పూర్తిగా తీసివేయాలన్నది నా గట్టి అభిప్రాయం. సమగ్ర ప్రగతి పత్రం అని ఇప్పుడు ఒకటి వచ్చింది, ఆలోచన మంచిదే. దానిలో గళ్లు ఎక్కువై వాక్యాలు తగ్గితే మాత్రం అది మళ్లీ మార్కుల పట్టికే అవుతుంది. ప్రతి పిల్ల గురించి నెలకు నాలుగు వాక్యాలు రాయడానికి ఉపాధ్యాయుడికి తీరిక ఇచ్చి, యాప్‌లలో నింపే వివరాలు ఆ మేరకు తగ్గిస్తే చాలు. నాలుగు వాక్యాలు రాయాలంటే ఆ పిల్లను నెలంతా చూడవలసి వస్తుంది.

ఈ మధ్య శనివారాన్ని సంచి లేని రోజుగా పాటిస్తున్నారు కనుక, పొదిలికి దగ్గరలోని ఒక బడికి నేను శనివారాలు వెళ్తున్నాను. అక్కడి ప్రధానోపాధ్యాయురాలు ఒక ప్రయోగంగా రెండో తరగతిలోని ఒక అమ్మాయి గురించి నన్నే ఆ నాలుగు వాక్యాలు రాసిపెట్టమన్నారు. నాలుగు శనివారాలు చూసి నేను రాసినది ఇది.

"శనక్కాయలు తూచేటప్పుడు తూకపురాయి లేకపోతే, కిలో ఉప్పు ప్యాకెట్టును రెండో వైపు పెట్టి తూచవచ్చునని తానే కనిపెట్టి మిగతావారికి చూపింది. కాగితం మీద తీసివేతలో తప్పులు పోతున్నాయి కాని గింజలతో చేసినప్పుడు పోవడం లేదు, కనుక ఇంకో నెల గింజలతోనే సాగనివ్వాలి. నలుగురు ఉన్న జట్టులో బాగా మాట్లాడుతుంది, పదిమంది ముందు గొంతు రాదు. భోజనంలో గుడ్డును సగం తిని సగం జేబులో పెట్టుకుంటోంది, తమ్ముడికట, కనుక వాడి పేరు అంగన్‌వాడీలో ఉందో లేదో సోమవారం కనుక్కోవాలి."